బడి గోడపత్రిక ఎలా నడపాలి? (పిల్లల రాత పాడుచేయకుండా)

ఏ ప్రాథమిక పాఠశాలకి వెళ్లినా వరండాలో ఒక చార్టు కనబడుతుంది. పైన రంగురంగుల అక్షరాల్లో ‘గోడపత్రిక’ అని, చుట్టూ పూలతీగ అంచు, లోపల ఒక సూక్తి, నెమలి బొమ్మ, ఏదో పుస్తకంలోంచి ఎత్తి రాసిన నీతికథ. చేతిరాత చూస్తే టీచరుగారిదో, అయిదో తరగతిలో గుండ్రంగా రాసే ఆ ఒక్క అమ్మాయిదో అయి ఉంటుంది. తేదీ చూస్తే కిందటి నవంబరు 14. దాన్ని గోడపత్రిక అనకండి, గోడకి పెట్టిన ముగ్గు అనండి. పత్రిక అన్నాక అందులో వార్త ఉండాలి కదా, నిన్న లేనిది ఇవాళ ఏదో తెలియాలి కదా!

నేను శ్రీకాకుళం వైపు చిన్న బళ్లలో ఒకటి నుంచి అయిదు తరగతుల దాకా చెబుతూ వచ్చాను. ఎక్కడ పనిచేసినా గోడపత్రిక నడిపాను. తప్పులు కూడా చాలానే చేశాను, వాటిలో ఒకటి కింద చెబుతాను.

సామాన్లు

ఒక డ్రాయింగ్ షీటు, నల్ల స్కెచ్ పెన్నులు రెండు, పెన్సిళ్లు, పాత నోటుబుక్కుల్లో మిగిలిపోయిన తెల్లకాగితాలు, మైదా జిగురు, కొబ్బరితాడు, బట్టల క్లిప్పులు. అంతే. రెండు చెంచాల మైదా గ్లాసుడు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి సన్నమంట మీద ఉడికిస్తే జిగురు తయారవుతుంది, వంటావిడని అడిగితే పొయ్యి ఆర్పేముందు చేసిచ్చేస్తుంది. మెరుపుల జిగురు, థర్మోకోల్ వద్దు. గుండుసూదులైతే అసలే వద్దు, సగంమంది పిల్లలు వరండాలో చెప్పుల్లేకుండా తిరుగుతారు.

తాడు కట్టేటప్పుడు మీ ఎత్తు చూసుకోకండి. షీటు మధ్యభాగం నేల నుంచి మూడున్నర అడుగుల దగ్గర ఉండాలి, ఒకటో తరగతి పిల్లాడు మెడ పైకెత్తకుండా చూడాలి. పెద్దవాళ్లు వంగి చదువుతారు, నడుం నొప్పి వస్తే రానీయండి. వానజల్లు కొట్టని గోడ చూసుకోండి.

ఏ రోజు, ఎవరు

వారానికి ఒకటే షీటు, సంత మర్నాడు. మా ఊళ్లో సంత గురువారం, అందుకని మా పత్రిక శుక్రవారం వస్తుంది. చాలామంది సోమవారం పెడతారు, ఎందుకో నాకు అర్థం కాదు, ఆదివారం ఇంట్లో ఆడుకున్న పిల్లాడి దగ్గర వార్త ఏముంటుంది? సంతకి అమ్మతో వెళ్లొచ్చిన పిల్ల దగ్గర ఉంటుంది. టమాటా ధర దగ్గర్నుంచి మేనత్త ఎదురుపడి ఏమందో దాకా అన్నీ ఉంటాయి.

తరగతికి ఒకరు చొప్పున అయిదుగురు విలేకరులు. నెలకోసారి మారతారు. బాగా చదివేవాళ్లనే పెట్టకండి, వెనక బెంచీలో కూర్చుని ఊరి సంగతులన్నీ తెలిసినవాడు ఒకడుంటాడు, వాణ్ణి ముందు పెట్టండి. ఒకటి, రెండు తరగతుల వాళ్లు బొమ్మ వేసి నోటితో చెబితే నాలుగో తరగతి వాళ్లు కింద రాస్తారు. ప్రతి వార్త కింద పేరు, తరగతి, తేదీ. ఇందులో కష్టమేమీ లేదు.

వార్త అడిగే పద్ధతి

‘ఇవాళ్టి వార్తలేంటి?’ అని అడిగితే పిల్లలు రాత్రి టీవీలో విన్నది అప్పజెబుతారు, లేకపోతే గోడకేసి చూస్తూ నిలబడతారు. ‘బడికొస్తుంటే దారిలో నిన్న లేనిది ఏం కనబడింది?’ అని అడగండి. ‘నీళ్ల ట్యాంకు కింద తేనెపట్టు పట్టింది’, ‘బస్సు రాలేదు’, ‘మా నాన చెన్నై నుంచి వచ్చినాడు’ లాంటివి వస్తాయి. మా వైపు బేల్దారి పనులకి చెన్నై, హైదరాబాదు వెళ్లేవాళ్లు చాలామంది, ఎవరి నాన్న వచ్చాడన్నది మా పత్రికలో ఎప్పుడూ మొదటి వార్తే. వాన ఎంత పడిందో ఒక సీసా పెట్టి రోజూ కొలిచి రాయడం, పోయినవి-దొరికినవి (‘ఎడమకాలి చెప్పు ఒకటి దొరికింది, నీలం’) కూడా ఉంచండి. పుట్టినరోజులు పేరు వరకే వేయండి. ఎవరు ఎన్ని చాక్లెట్లు పంచారో రాయడం మొదలెడితే పంచలేని పిల్లలు ఆ రోజు బడి మానేస్తారు.

సూక్తికి చోటు లేదు. ఎంతమంది అడిగినా లేదు.

ఇప్పుడు అసలు కష్టం: దిద్దడం

పత్రికని చంపేది ఇక్కడే, అందుకని నెమ్మదిగా చదవండి. ఒకసారి మూడో తరగతి పిల్ల ఇలా రాసుకొచ్చింది:

‘మా మేక ఈనినాది. రెండు పిల్లలు. నల్లది ముందొచ్చినాది. తెల్లది నిలబడనేదు. మా అమ్మ ముక్కులో ఊదినాది. అప్పుడు నిలబడినాది.’

నేను సెలవులో ఉన్నాను. సోమవారం వచ్చి చూస్తే గోడ మీద ఇది ఉంది: ‘మా ఇంటిలోని మేకకు రెండు పిల్లలు జన్మించినవి. మేక సాధుజంతువు. మేక మనకు పాలు ఇచ్చును.’ మంచి ఉద్దేశంతోనే దిద్దారు, కాదనను. కానీ ఆ తెల్లపిల్ల ఏమైపోయింది? ముక్కులో ఊదిన అమ్మ ఎక్కడికి పోయింది? ఆ పిల్ల మళ్లీ రెండు నెలల దాకా ఏమీ రాయలేదు. రాసినప్పుడు ‘ఆవు సాధుజంతువు’ అని రాసింది.

అందుకని దిద్దే పద్ధతి ఇది, వరస మార్చకండి. ముందుగా ఎర్రపెన్ను బల్ల సొరుగులో పెట్టి మూసేయండి. కాగితం మీరు తీసుకోకండి, పిల్ల చేతిలోనే ఉంచి పైకి చదవమనండి. చదువుతున్నప్పుడు రాయనిది కూడా చదివేస్తుంటుంది, మధ్యలో ఎగిరిపోయిన మాటలు తనకే దొరుకుతాయి, ఆగి రాసుకుంటుంది. మీరు నోరు మెదపకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు, టీచరు నోరు ఊరుకోదు.

చదివాక రెండే ప్రశ్నలు అడగండి: ఎప్పుడు, ఎక్కడ. మూడో ప్రశ్న అడిగితే పిల్ల మీకు నచ్చేలా కల్పించడం మొదలెడుతుంది. ‘మేక అంటే నీకు ఇష్టమా?’ అని అడిగారనుకోండి, చివర్లో ‘మేక అంటే నాకు చాలా ఇష్టం’ అనే వాక్యం వచ్చి కూర్చుంటుంది.

తరవాత అక్షరాలు. చదివేవాళ్లకి అర్థం మారిపోయే తప్పులు మాత్రమే పట్టుకోండి. ఒకడు ‘మా తాతకి కల్లు అగుపడవు’ అని రాశాడు. కళ్లు అని వాడి ఉద్దేశం. కల్లు అని గోడెక్కితే పాపం ఆ తాతని ఊరంతా ఏడిపించేది. అక్కడ ‘ళ్లు’ చూపించి, వాడిచేతే మార్పించాలి. ఒక దీర్ఘం తగ్గింది, ఒక ఒత్తు పోయింది, చదివితే అర్థమవుతోంది అంటే వదిలేయండి. వచ్చేవారం డిక్టేషన్‌లో ఆ మాట ఇవ్వండి, గోడ మీద ముట్టుకోకండి. మీకు చేతులు దురద పెడితే వెళ్లి హాజరుపట్టీ రాసుకోండి.

ఇక మాట యాస జోలికి అసలు వెళ్లకండి. ‘ఈనినాది’ని ‘ఈనింది’ చేయకండి, ‘నేదు’ని ‘లేదు’ చేయకండి. తప్పు భాష నేర్పుతున్నారని నన్ను తిట్టినవాళ్లున్నారు. పుస్తకభాష పాఠంలో చెబుతున్నాను, నోట్సులో రాయిస్తున్నాను, పరీక్షలో అడుగుతున్నాను, ఇంకెక్కడ చెప్పను? ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని గిడుగు రామమూర్తిగారి పటానికి దండ వేస్తాం. ఆయన 1863లో ఆ రోజున పుట్టింది ఈ శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలోనే. జనం మాట్లాడే తెలుగు రాతలోకి రావాలని జీవితమంతా పోట్లాడి, అందుకోసం 1919లో ‘తెలుగు’ అనే పత్రికే పెట్టిన మనిషి, కొండల్లో ఉండే సవర గిరిజన పిల్లలకి వాళ్ల సవర భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని పుస్తకాలు రాసిన మనిషి. 29న దండ వేసి, 30న పొద్దున్నే ‘వచ్చినాది’ కింద ఎర్రగీత గీస్తాం.

గోడెక్కకూడనివి

దిద్దడంలోనే ఇంకో భాగం ఇది, నేను దెబ్బతిన్నది ఇక్కడే. నాలుగో తరగతి పిల్లాడు ‘మా అమ్మ గొలుసు తాకట్టు పెట్టినాది, ఎరువు కొన్నాం’ అని రాశాడు. తేదీ ఉంది, స్థలం ఉంది, తప్పుల్లేవు, వ్యవసాయం సంగతి, నాకు మహా నచ్చింది. వేసేశాను. ఆ తాకట్టు సంగతి వాళ్ల నాయనమ్మకి తెలియదట. మనవణ్ణి తీసుకెళ్లడానికి సాయంత్రం వచ్చిన ముసలామెకి పిల్లలే చదివి వినిపించారు. మర్నాడు వాళ్లమ్మ వచ్చి గొంతు పెంచకుండా ఒక్క మాటంది: ‘మా ఇంట్లో మాట గోడకెక్కించీసినారు మేస్టారూ.’ నేను బదులు చెప్పలేకపోయాను.

అప్పట్నుంచి ప్రతి వార్తకీ చివర ఒకటి అడుగుతాను: ‘ఇది మీ ఇంట్లోవాళ్లు చదివితే నవ్వుతారా, తిడతారా?’ పిల్లలకి టక్కున తెలుస్తుంది, మనకంటే ముందు తెలుస్తుంది. ‘తిడతారు’ అంటే కాగితం వాళ్లకే ఇచ్చేయండి. అడక్కుండానే ఆపాల్సినవి కొన్నున్నాయి: అప్పులు, తాగుడు, ఇంట్లో గొడవలు, మార్కులు, పేలు, గజ్జి, ఎవరు ఎవర్ని కొట్టారన్నది పేర్లతో. పిల్ల రాసిన దాంట్లో ఇంట్లో దెబ్బలో, ఎవరి గురించైనా భయమో కనబడితే అది గోడకి కాదు, అలాగని మడిచి జేబులో పెట్టుకుని మరిచిపోవడానికీ కాదు. ఆ రోజే పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి, హెడ్మాస్టరుకి చెప్పండి, అవసరమైతే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి.

ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పడేసే అలవాటు ఉంటే మానుకోండి. గోడ దగ్గరకి ఊరివాళ్లే వస్తారు, ఫోన్లో పడ్డది ఎక్కడికి పోతుందో మీకూ తెలియదు నాకూ తెలియదు.

ఫిర్యాదు వార్తలు

‘మరుగుదొడ్డికి మూడు రోజుల నుంచి నీళ్లు రావడం లేదు’ అని వస్తే వేయండి. హెడ్మాస్టరుకి టెన్షన్ వస్తుంది, వేసేముందు ఆయనకి చూపించండి, కానీ వేయండి. ఒకటే షరతు, వచ్చేవారం అదే చోట ఏమైందో రాయాలి. మోటారు కాలిందని ఒకరంటే బోరు ఎండిందని ఇంకొకరన్నారు ఒకసారి, ఇద్దర్ని పంపి మోటారు బాగుచేసే ఆయన్నే అడిగించాం, రెండూ కాదట, వైరు ఎలుక కొరికింది. పేరెంట్స్ కమిటీ మీటింగు ఆ గోడ ఎదురుగా పెట్టుకుంటే ఇంకా మంచిది, ఎజెండా విడిగా రాయక్కర్లేదు.

‘పప్పు నీళ్లగా ఉన్నాది’ అని ఒకడు రాశాడు. అది నిజమే. అయినా వంటావిడని అడక్కుండా వేయకూడదు. వాడినే పంపాను. ‘కట్టెలు తడిసిపోయినాయి నాన్నా, పప్పు ఉడకనేదు’ అంది. రెండూ పక్కపక్కన వేశాం. తరవాతి వారం కట్టెలు లోపలి గదిలో పెట్టుకోవడానికి చోటిచ్చారు.

ఊరివాళ్లు

షీటులో కింది కుడిమూల ఒక జానెడు చోటు ఊరి పెద్దవాళ్లకి వదలండి. వారానికొక పిల్లో పిల్లాడో ఒక ముసలివాళ్లని ఒకే ప్రశ్న అడిగి రాసుకురావాలి, ఈ బడి కట్టకముందు ఇక్కడేముండేది, తుఫాను వచ్చినప్పుడు ఎక్కడ పడుకున్నారు, ఇలాంటివి. చదవడం రాని పెద్దవాళ్లు వాళ్ల మాట గోడ మీద ఉందని తెలిసి వస్తారు, మనవరాలు చదివి వినిపిస్తుంది, వేలు పెట్టి చూపిస్తూ. అంతకంటే మంచి పఠన అభ్యాసం నాకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు. పోలియో చుక్కల తేదీ, గ్రామసచివాలయం వాళ్ల కబురు ఏదైనా ఉంటే ఒక్క వరసలో పైన రాయించండి, ప్రకటనలు పెరిగితే పిల్లల వార్తలు కిందకి జారిపోతాయి.

పాత షీట్లు

చుట్టి బీరువా మీద పడేయకండి, ఏ బడిలోనైనా కప్పు కారేది సరిగ్గా అక్కడే. రెండు గట్టి అట్టల మధ్య పరిచి, ఎడమవైపు రెండు కన్నాలు చేసి పురికొసతో కుట్టండి. మధ్యలో ఎండిన వేపాకు వేస్తే పురుగు తక్కువ పడుతుంది, చెదలు రాకుండా నేలకి ఎత్తుగా ఉంచండి. అయిదో తరగతి వాళ్లు టీసీ తీసుకునే రోజున ఎవరి వార్త వాళ్లు కత్తిరించుకు పోతామంటారు, బతిమాలుతారు, ఏడుస్తారు కూడా. ఇవ్వకండి. కావాలంటే అక్కడే కూర్చుని చేత్తో ఎత్తి రాసుకోమనండి. షీటు మాత్రం బడిది.