కుంజుమ్ పాస్ మీదుగా ఫోర్ బై ఫోర్ బండి నడపడం ఎలా?

హిమాచల్‌లో స్పితి లోయను మనాలితో కలిపే దారి కుంజుమ్ పాస్ (కొండ కనుమ) మీదుగా పోతుంది. ఎత్తు నాలుగున్నర వేల మీటర్ల పైచిలుకు. ఏడాదిలో సగానికి పైగా మంచుతో మూసుకుపోయే ఈ దారి మామూలుగా జూన్ నుంచి అక్టోబర్ దాకా తెరిచి ఉంటుంది. థార్, జిమ్నీ లాంటి బండి ఉంటే ఇక ఢోకా లేదనుకుంటారు చాలామంది. కానీ ఫోర్ బై ఫోర్ (ఇంజిన్ శక్తి నాలుగు చక్రాలకూ అందడం) ఇచ్చేది చక్రాలకు పట్టు మాత్రమే. ఇక్కడ అంతకన్నా అక్కరకొచ్చేది తెల్లారగానే బయల్దేరడం.

ఏ వైపు నుంచి వెళ్లాలి?

మనాలి దాదాపు 2,000 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ పొద్దున టిఫిన్ చేసి, అదే రోజు 4,500 మీటర్లు ఎక్కితే తలనొప్పి, వాంతులు పట్టుకునే అవకాశం ఎక్కువ. సెలవులు ఉంటే సిమ్లా, కిన్నౌర్ మీదుగా నెమ్మదిగా స్పితిలోని ముఖ్య ఊరు కాజా చేరండి. అక్కడ రెండు రాత్రులు ఆగి, కుంజుమ్ దాటి మనాలికి దిగండి. నా ఓటు ఈ దారికే. తలనొప్పి తగ్గకుండా తూలుడు కూడా మొదలైతే పాస్ సంగతి మర్చిపోయి కిందికి దిగడమే మందు.

కాజాలో చేయాల్సినవి

ట్యాంకు నిండా కొట్టించండి. మనాలి దాకా సుమారు 200 కిలోమీటర్లు, లో రేంజ్‌లో (బండి మెల్లగా, ఎక్కువ బలంతో లాగే గేర్లలో) నడిపితే మైలేజీ బాగా పడిపోతుంది. స్టెప్నీ, జాకీ, టో రోప్, గాలి కొట్టే చిన్న పంపు సరిచూసుకోండి. ఫోన్ సిగ్నల్ చాలా దూరం ఉండదు కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

టైర్ల సంగతి చాలామంది పట్టించుకోరు. పైకి వెళ్లేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది, అందువల్ల మీటరులో టైరు అంకె పెరుగుతుంది. కింద మైదానంలో 32 పీఎస్‌ఐ చూపించిన టైరు, చలి తేడా లేకపోతే, కాజాలో 37 దాకా చూపిస్తుంది. పొద్దున్నే బండి కదలకముందు కొలిచి, కంపెనీ చెప్పిన అంకె కన్నా రెండు మూడు తక్కువకు దించండి. ఇసుకలో దించినంతగా దించితే మాత్రం పదునైన రాళ్లు టైరు పక్కగోడను కోసేస్తాయి.

ముందు రాత్రి లోసర్‌లో

పాస్‌కు ఇవతల చివరి ఊరు లోసర్. అక్కడే పడుకోండి. కారణం వాగులు. అవతలి వైపు, బాతల్ అనే మజిలీ దాటాక రోడ్డుకు అడ్డంగా పారే నీళ్లన్నీ కరిగిన మంచే. రాత్రి చలికి కరగడం తగ్గి, పొద్దున వాగులు సన్నగా ఉంటాయి. ఎండెక్కేకొద్దీ ఉబ్బుతాయి, సాయంత్రానికి అదే వాగు బండిని నెట్టేసే స్థితికి వస్తుంది. కాజా నుంచి తీరిగ్గా బయల్దేరినవాళ్లు సరిగ్గా ఆ వేళకే అక్కడ తేలతారు.

ఎక్కడం

లోసర్ నుంచి ఎక్కుడు మరీ నిటారు కాదు. మట్టి, కంకర రోడ్డు మొదలవగానే ఫోర్ హై (నాలుగు చక్రాలకూ శక్తి, మామూలు వేగం గేర్లు) వేయండి. పైన గాలి మూడో వంతుకు పైగా పలచబడుతుంది కాబట్టి ఇంజిన్ బరువుగా లాగుతుంది. టర్బో (ఇంజిన్‌లోకి గాలి ఎక్కువగా నెట్టే భాగం) లేని పెట్రోల్ బండికి ఇది బాగా తెలుస్తుంది. యాక్సిలరేటర్ తొక్కి లాభం లేదు, ఒక గేరు తగ్గించండి. పైన కుంజుమ్ మాత గుడి ఉంది. డ్రైవర్లు బండితోనే ఒక ప్రదక్షిణ చేసి కదులుతారు. మీరూ చేయండి కానీ ఎక్కువసేపు నిలబడొద్దు.

దిగడం

అసలు పరీక్ష ఇటువైపే. బాతల్ దాకా వదులు కంకర మీద హెయిర్‌పిన్ మలుపులు. దిగుడు మొదలవకముందే బండి ఆపి, క్లచ్ తొక్కి, ఫోర్ లో (నాలుగు చక్రాలకూ శక్తి, లో రేంజ్ గేర్లు) వేయండి. మొదటి లేదా రెండో గేరులో బండిని ఇంజినే పట్టి ఉంచుతుంది. బ్రేకు మీద కాలు పెట్టి దిగితే అది వేడెక్కి పనిచేయడం మానేస్తుంది. క్లచ్ మీద అసలు పెట్టొద్దు.

తిరుమల ఘాట్‌లో చెయ్యి తిరిగినవాళ్లకు ఇక్కడ ఒక చిక్కు ఉంది. అక్కడ ఎక్కే రోడ్డు వేరు, దిగే రోడ్డు వేరు. ఇక్కడ ఒకే బండి పట్టే దారిలో ఎదురుగా ట్రక్కు వస్తుంది. రూలు ప్రకారం ఎక్కే బండికే దారి. అంటే ఆగాల్సింది మీరే. వెడల్పు ఉన్న చోటు కనబడితే ముందే ఆగి ఉండండి, లోయ అంచున రివర్స్ తీసే టెన్షన్ తప్పుతుంది.

వాగు దాటడం

బాతల్ నుంచి, మనాలి-లేహ్ రోడ్డును కలిసే గ్రాంఫూ దాకా చంద్రా నది పక్కన బండరాళ్ల దారి. వాగు కనబడగానే నీళ్లలోకి దూకించకండి. దిగి చూడండి. తెల్లగా నురగలు కక్కే చోట లోతు తక్కువ, రాళ్లు ఎక్కువ. నల్లగా నున్నగా ఉన్న చోట గుంట ఉండొచ్చు. వెడల్పుగా పరుచుకున్న చోటే సాధారణంగా పలచన. మరో బండి వచ్చేదాకా ఆగి, దాని చక్రాలు ఎంత మునిగాయో చూస్తే ఇంకా మంచిది. అది పూర్తిగా గట్టెక్కాకే మీరు దిగాలి.

కిటికీ అద్దాలు దించండి. ఫోర్ లో, మొదటి గేరు. మనిషి నడకంత వేగం, మధ్యలో గేరు మార్చొద్దు. చక్రం రాయికి తగిలి స్టీరింగ్ గుంజుకుంటే కొద్దిగా వదులివ్వండి, బొటనవేళ్లు స్టీరింగ్ లోపలికి చుట్టకుండా పట్టుకోండి. ముందుకు కదలకపోతే రేస్ చేయకుండా వచ్చిన దారినే వెనక్కి తీయండి. ఇంజిన్ నీళ్లు మింగి ఆగిపోయిందనిపిస్తే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. సిలిండర్లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఖర్చు లక్షల్లోకి పోతుంది. తాడు కట్టి లాగించండి.

గట్టెక్కాక బ్రేకు రెండు మూడు సార్లు మెల్లగా తొక్కి ఆరబెట్టండి.

తారు రోడ్డు ఎక్కాక

గ్రాంఫూ దాటి మంచి తారు రోడ్డు రాగానే టూ హైకి (రెండు చక్రాలకే శక్తి) మార్చండి. పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్‌తో (అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకు శక్తి కలిపే రకం) పొడి తారు మీద తిప్పితే ముందు, వెనక చక్రాల మధ్య ఒత్తిడి పడి గేర్‌బాక్సు వైపు భాగాలు అరుగుతాయి. కోక్సర్ దగ్గర ఆగి బండి కిందకు ఒకసారి తొంగి చూడండి: ఆయిల్ కారుతోందా, చక్రాల మధ్య రాయి ఇరుక్కుందా అని. అక్కడి నుంచి అటల్ టన్నెల్ గుండా మనాలి. దించిన టైర్లు కిందికి వచ్చాక ఇంకా తక్కువ చూపిస్తాయి, మనాలిలో గాలి కొట్టించుకోకుండా హైవే ఎక్కకండి.