పిల్లలతో నాలుగు రోజులు ఏటిగట్టు మీద నడక: ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ట్రెక్కింగ్ అనగానే మన పిల్లలకి మారేడుమిల్లో పాపికొండలో గుర్తొస్తాయి, లేదంటే ఏకంగా హిమాలయాలే. ఇంటి వెనకాలే ఏటిగట్టు ఉంది కదరా అంటే నవ్వుతారు. కానీ కోనసీమలో పి.గన్నవరం దగ్గర బ్యాగులు తగిలించుకుని, అక్విడెక్టు (ఏటి మీదుగా కాలవని దాటించే వంతెన) దాటి, గోదారి పాయ వశిష్ట గట్టు ఎక్కి, రాజోలు, దిండి, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది దాకా నడిచి చూడండి, గోదారి సముద్రంలో కలిసే చోటికి సొంత కాళ్ల మీద చేరడం ఎలా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది. పెద్ద అడవేం కాదు, నిజమే. ఒక పక్క లంకలూ (ఏటి మధ్య దిబ్బలు) ఇసుక తిన్నెలూ, ఇంకో పక్క కొబ్బరితోటలు, చివర్లో సరుగుడు తోపులు, అంతే. అన్నట్టు ఆ కొత్త అక్విడెక్టుకి డొక్కా సీతమ్మ గారి పేరే పెట్టారు, లంకలు దాటి ఏ వేళకొచ్చిన వాళ్లకైనా వండి పెట్టిన తల్లి (1841-1909), నడిచి పోయేవాళ్లు బయల్దేరడానికి అంతకన్నా మంచి చోటు నాకైతే తట్టలేదు.

ముందు తేదీలు తేల్చుకోండి. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరదలు, అక్టోబరు, నవంబరు తుఫాన్ల టైము, మార్చి వచ్చాక ఎండ, కాబట్టి మిగిలేది డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి. సంక్రాంతి సెలవులు ఇచ్చిన వెంటనే బయల్దేరి భోగికి ముందే ఇంటికి చేరిపోయేలా పెట్టుకుంటే బెస్టు, ఎందుకంటే పండగ మూడు రోజులూ కోనసీమ రోడ్ల మీద కాలు పెట్టే సందు ఉండదు, కోడిపందేల జనం వేరే. మాఘమాసంలో అంతర్వేది తీర్థం రోజులు కూడా వదిలెయ్యండి. వరద సంగతి పిల్లలకి పుస్తకంలోది చెప్పినట్టు చెప్పకండి, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని ఒకసారి చెప్పి, దారిలో ఏ ఊళ్లోనైనా పెద్దాయన కనిపిస్తే 86 వరదకి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయండీ అని వాళ్లనే అడగమనండి. 1986 ఆగస్టులో బ్యారేజీ దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది, గట్లు తెగాయి, ఆయన గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు, ఆ తర్వాత గట్టు ఎందుకంత ఎత్తుందో మీరు చెప్పక్కర్లేదు.

మనుషుల లెక్క: 9వ తరగతి నుంచి ఇంటర్ దాకా పిల్లలు పన్నెండు మంది, పెద్దవాళ్లు ముగ్గురు, అమ్మాయిలుంటే అందులో కనీసం ఒక ఆవిడ, ఇంకా ఏటి మీద బతికే మనిషి ఒకరు. ఈ ఆఖరాయన్ని మాత్రం మర్చిపోవద్దు. యూట్యూబ్‌లో ట్రెక్కింగ్ వీడియోలు చూసిన గైడు కన్నా వల వేసుకునే అన్నయ్య మేలు, ఎక్కడ గట్టు దిగొచ్చో, ఎక్కడ ఇసుక కాలి కింద జారిపోతుందో, సముద్రం పోటు ఎప్పుడు పాటు ఎప్పుడు ఆయనకి నోటికి వచ్చు. ఆయనకి రోజు కూలి ముందే మాట్లాడుకోండి, ఊరికే రమ్మనడం మర్యాద కాదు. తల్లిదండ్రుల సంతకాలు, ఏ రాత్రి ఏ ఊళ్లో పడుకుంటారో రాసిన కాగితం, ఆ ఊళ్ల సర్పంచులకి ఒక ఫోను, దారిలో ఉన్న పోలీస్ స్టేషన్లో ఒక మాట, ఇవన్నీ వారం ముందే అయిపోవాలి.

రోజుకి పది, పన్నెండు కిలోమీటర్లు చాలు. మొదటిసారి మేం వెళ్లినప్పుడు నేను పద్దెనిమిది రాసుకున్నాను, మ్యాప్ మీద గట్టు వంపులన్నీ గీత గీసినట్టే కనిపించాయి, రెండో రోజు సాయంత్రానికి పిల్లలు మాట్లాడ్డం మానేశారు. ఆరింటికి లేచి ఏడున్నరకి, మంచు విడిపోయాక నడక మొదలుపెట్టండి, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఏ రావిచెట్టు కిందో ఆగిపోండి, ఐదింటికల్లా మజిలీ చేరిపోవాలి.

ఇప్పుడు బ్యాగు. పిల్లాడి బరువులో ఏడో వంతు దాటకూడదు, 45 కిలోల పిల్లకి ఆరున్నర కిలోలు, నీళ్లతో కలిపి. బయల్దేరే ముందు రోజు కొట్టులో కాటా మీద పెట్టి తూచండి, అప్పుడు ఒక్కొక్కరి బ్యాగులోంచి పవర్ బ్యాంకులు రెండేసి, డియోడరెంట్లు, వాళ్లమ్మ దాచి పెట్టిన జంతికల డబ్బా అన్నీ బయటికొస్తాయి. ఆత్రేయపురం పూతరేకులు తెచ్చిన వాడు బ్యాగు అడుగున పెట్టాడంటే సాయంత్రానికి పొడే మిగులుతుంది. రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, చాప, దోమతెర, టార్చి, కంచం, గ్లాసు, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పొడి సాక్సులు, ఇంతే. బూట్లు కొత్తవి వద్దే వద్దు.

కాళ్ల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ట్రిప్పులు ఆగిపోయేది పాముల వల్లో తుఫాన్ల వల్లో కాదు, బొబ్బల వల్ల. బొబ్బ రావడానికి అరగంట ముందు మడమ దగ్గర వేడిగా చురుక్కుమంటుంది, అప్పుడు పిల్లలు చెప్పరు, వెనకపడిపోతామని సిగ్గు. అందుకని ప్రతి గంటకీ అందర్నీ కూర్చోబెట్టి బూట్లు విప్పించండి. ఎర్రగా కందిన చోట తుడిచి, ఆరాక, మెడికల్ షాపులో దొరికే గుడ్డ టేపు ముడత లేకుండా అతికించాలి, మూలలు గుండ్రంగా కత్తిరిస్తే ఊడిపోదు. తడిసిన సాక్సు బ్యాగు వెనక కట్టి ఆరేసుకుంటూ నడవచ్చు, చూడ్డానికి బాగోదు అంతే.

రాత్రి పడకకి లంకల్లో ఇసుక మీద టెంట్ వేద్దాం సార్ అని పిల్లలు బతిమాలతారు, ఒప్పుకోకండి. పైనుంచి నీళ్లు వదిలినా, అమావాస్యకో పున్నమికో పోటు గట్టిగా వచ్చినా చీకట్లో పిల్లల్ని లేపి దాటించడం మీ వల్ల కాదు. ఊరి స్కూలు వరండా గానీ తుఫాను షెల్టరు గానీ అడగండి, బాత్రూమ్ కూడా ఉంటుంది. అడవి ట్రెక్కుల్లో నీటికి 60 మీటర్ల అవతల దొడ్డికి గొయ్యి తీసి పూడ్చమంటారు, ఇక్కడ ఒక పక్క ఏరు, ఇంకో పక్క కాలవ, అరవై మీటర్లు ఎక్కడ దొరుకుతుందండీ? పడుకునేటప్పుడు దోమతెర అంచులు చాప కిందకి దోపాలి, దోమలకే కాదు, కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ల దగ్గరికే వస్తుంది, కరిచినా గాటు సరిగ్గా కనపడదు, నొప్పి కూడా పెద్దగా ఉండదు. పొద్దున్నే ఎవరికైనా కనురెప్పలు వాలిపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా ఆలోచించకుండా 108కి ఫోన్ కొట్టండి. కొయ్యడాలు, పీల్చడాలు, తాడు కట్టడాలు ఏవీ వద్దు, కాలు చెయ్యి కదలకుండా పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లడమే.

తిండికి పెద్దగా చెప్పేదేం లేదు. పొద్దున ఉప్మా, మధ్యాహ్నానికి పులిహోర, రాత్రి అన్నం, కందిపొడి, ఆవకాయ. నీళ్లు మరగడం మొదలయ్యాక ఇంకో నిమిషం ఉంచి దించండి, ఓఆర్ఎస్ ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్లలో కలపండి, సగం సగం కాదు. బొండాలు తాగాలనిపిస్తే తోట ఆసామిని అడిగి డబ్బులిచ్చి తాగాలి.

అన్నిటికన్నా ముఖ్యం, గైడు, అంటే పిల్లల్ని తీసుకెళ్లే మీరు, ముందు నడవకూడదు, వెనక నడవాలి. రోజుకొకరిని లీడర్ని చేసి మ్యాప్ వాళ్ల చేతిలో పెట్టండి, ఎక్కడ ఆగాలో, ఎవరు నెమ్మదిగా ఉన్నారో, ఎవరి బరువు ఎవరికి పంచాలో వాళ్లే తేల్చుకుంటారు. మాతో వచ్చిన టెన్త్ అమ్మాయి ఒకతి గట్టు రెండుగా చీలిన చోట కిందకి దిగే దారి పట్టింది, తప్పని మా వల అన్నయ్యకి తెలుసు, నాకూ తెలుసు, ఇద్దరం నోరు మూసుకున్నాం. ముప్పావుగంట పోయాక ఇసుక ర్యాంపు దగ్గర దారి అయిపోయింది. ఆ పిల్ల మొహం ఇంత అయిపోయింది, ఏడుస్తుందేమో అనుకున్నా, నీళ్లు తాగి "వెనక్కి పోదాం, ఈసారి రేవులో తాతగారిని అడుగుదాం" అంది. ఆ మర్నాడు లీడరైన కుర్రాడు ప్రతి మలుపులోనూ ఎవర్నో ఒకర్ని ఆపి "అంతర్వేది గట్టు ఇదేనాండీ" అని అడుగుతూనే ఉన్నాడు, విసుగొచ్చేసింది కానీ ఒక్కసారి కూడా దారి తప్పలేదు. ప్రమాదం ఉన్న చోట మాత్రం ఈ మౌనం పనికిరాదు, నీళ్ల దగ్గర, రోడ్డు దాటేటప్పుడు మీ మాటే ఆఖరు.

నాలుగో రోజు అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర సంగమం కనపడగానే అందరూ బ్యాగులు పడేసి నీళ్లలోకి పరిగెడతారు, అక్కడ ఏటి నీళ్లూ సముద్రమూ కొట్టుకునే లాగుడు బలంగా ఉంటుంది, పాదాలు తడుపుకోవడం వరకే. ముందు రాత్రే ఈ మాట చెప్పి ఒప్పించుకోండి, అక్కడికెళ్లాక చెప్తే వినరు. అంతర్వేది గుళ్లో దర్శనం అయ్యాక బస్సులో సఖినేటిపల్లి రేవుకొచ్చి పంటు (జనాన్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం వైపు దాటితే రైలు దొరుకుతుంది. పంటు మీద తలలు లెక్కపెట్టుకోండి. పదహారు రావట్లేదని నేను రెండుసార్లు లెక్కపెట్టి కంగారుపడ్డాను, వల అన్నయ్య అంతర్వేదిలోనే మా అందరికీ చెప్పి వెళ్లిపోయాడని పిల్లలే గుర్తు చేశారు.