వీలునామా రాయకుండా పోతే ఇల్లు ఎవరిది? వారసుల పేరిట మార్చుకునే పద్ధతి

ఇంటి యజమాని పోయాక చాలా కుటుంబాలు చేసే మొదటి పని మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో ఇంటి పన్ను పెద్దకొడుకు పేరిట మార్పించడం. దాంతో ఇల్లు అతనిదైపోయిందనుకుంటారు. పన్ను రసీదు పన్ను ఎవరు కడుతున్నారో చెబుతుంది తప్ప హక్కు ఇవ్వదు. ఇల్లు అమ్మబోయినప్పుడో, దాని మీద లోను అడిగినప్పుడో లాయరు చూసేది ఒక్కటే: వారసులందరి సంతకాలూ ఉన్నాయా? బేరాలు చెడేది ఎక్కువగా మరిచిపోయిన ఒక్క వారసుడి దగ్గరే. అందుకే కాగితాల కంటే ముందు వారసుల లెక్క తేల్చుకోవాలి.

హిందువు తన స్వార్జితమైన ఇంటికి వీలునామా రాయకుండా పోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ వర్తిస్తుంది. మొదటి తరగతి వారసులు, అంటే అందరికంటే ముందు హక్కు వచ్చేవాళ్లు: భార్య, కొడుకులు, కూతుళ్లు, చనిపోయిన వ్యక్తి తల్లి. అతనికంటే ముందే పోయిన బిడ్డ ఉంటే, ఆ వాటా కొడుకుదైతే అతని భార్యాపిల్లలకు, కూతురిదైతే ఆమె పిల్లలకు వెళ్తుంది. పెళ్లయిన కూతురికీ సమాన వాటాయే. కట్నం ఇచ్చాం, పసుపు కుంకుమ కింద ఇచ్చాం అన్న మాట కోర్టులో నిలవదు. చనిపోయిన వ్యక్తి తండ్రి మాత్రం మొదటి తరగతిలో లేడు.

అందరూ మరిచిపోయేది తల్లిని. ఒకాయన పోయాడు, భార్య, తల్లి, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు, ఇంకో కొడుకు అంతకుముందే పోయాడు, అతని భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. ఇల్లు 5 వాటాలవుతుంది. పోయిన కొడుకు శాఖకు వచ్చిన 1/5ని అతని భార్య, పిల్లలు ముగ్గురూ సమానంగా పంచుకుంటారు, అంటే తలా 1/15. ఇక్కడితో ఆగితే ఫరవాలేదు. ఆ ముసలి తల్లి కూడా వీలునామా లేకుండా పోతే ఆమె 1/5 ఆమె సంతానమంతటికీ వెళ్తుంది. అప్పటిదాకా ఈ ఇంటితో సంబంధం లేని బాబాయిలు, మేనత్తలు కూడా వాటాదారులవుతారు! ఆవిడ బతికుండగానే ఆవిడ వాటా సంగతి దస్తావేజుతో తేల్చుకోవాలి.

ఇంటి యజమాని స్త్రీ అయితే లెక్క వేరు: అదే చట్టం 15వ సెక్షన్ ప్రకారం భర్త, కొడుకులు, కూతుళ్లు సమాన వారసులు. పిల్లలు లేని స్త్రీకి పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఇల్లయితే, అది తిరిగి ఆమె తండ్రి వారసులకే పోతుంది. పిత్రార్జితంలో 2005 సవరణతో కూతురు పుట్టుకతోనే భాగస్వామి. తండ్రి 2005 నాటికి బతికి ఉండాల్సిన పని లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. క్రైస్తవులకు, ముస్లింలకు వాటాలు వేరు, ఈ లెక్కలు వాళ్లకు వాడకూడదు.

ఇక కాగితాలు. మరణ ధ్రువీకరణ పత్రం, మీసేవ లేదా సచివాలయం ద్వారా తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, ఇంటి అసలు దస్తావేజు, దాని లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు ఇల్లు చేతులు మారిన పాత దస్తావేజులు), తాజా ఈసీ (ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కావాలి. కుటుంబ సభ్యుల పత్రంలో చనిపోయిన వ్యక్తి తల్లి పేరు, ముందే పోయిన బిడ్డ వారసుల పేర్లు చేర్చారో లేదో అర్జీ రోజునే చూసుకోండి. పేర్లు ఆధార్‌లో ఒకలా, దస్తావేజులో ఒకలా ఉంటే రిజిస్ట్రేషన్ రోజున పని ఆగుతుంది. కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ కోసం ఇంటి విషయంలో పరుగెత్తక్కర్లేదు. అది డిపాజిట్లు, షేర్లు, రావలసిన బాకీల కోసం.

దస్తావేజు ఏది రాయించాలన్నది మీ ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. ఇంటిని పంచుకుంటే భాగపరిష్కార దస్తావేజు. ఒకరే ఉంచుకుని మిగతావాళ్లు వదులుకుంటే హక్కు విడుదల దస్తావేజు. ఇది తోటి వాటాదారుకే రాయాలి. స్టాంపు డ్యూటీ ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది కాబట్టి రాయించే ముందే లెక్క వేయించుకోండి. దస్తావేజులో ఆస్తి వివరాలు రాసే షెడ్యూల్లో హద్దులు, గజాలు, డోర్ నంబరు పాత దస్తావేజుతో అక్షరం పొల్లు పోకుండా సరిపోవాలి. డోర్ నంబరు మారి ఉంటే పాతదీ కొత్తదీ రెండూ రాయండి.

పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసుకున్న పంపకం దగ్గరే అసలు చిక్కు. "ఈరోజు నుంచి ఈ భాగం నీది" అని ఆ కాగితమే హక్కు ఇస్తుంటే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం దాన్ని రిజిస్టరు చేయాల్సిందే, లేకపోతే పంపకానికి సాక్ష్యంగా చెల్లదు. ఎప్పుడో నోటిమాటగా జరిగిన పంపకాన్ని గుర్తు కోసం రాసుకున్న కాగితానికి ఆ ఇబ్బంది లేదు. పేచీ వస్తే కోర్టు ఆ వాక్యాలు పంపకం ఇప్పుడు చేస్తున్నట్టు ఉన్నాయా, ఇదివరకే అయిపోయినట్టు ఉన్నాయా అన్నదే చూస్తుంది. రిజిస్టరు చేయాల్సిన దస్తావేజును సంతకం చేసిన రోజు నుంచి 4 నెలల్లో రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయాలి.

వారసుల్లో మైనరు ఉంటే తొందరపడకండి. వారసత్వంగా వచ్చిన మైనరు వాటాను తల్లి అయినా కోర్టు అనుమతి లేకుండా అమ్మితే, ఆ బిడ్డ మేజరయ్యాక 3 ఏళ్లలోపు రద్దు కోరవచ్చు. అలాంటి ఇల్లు తెలిసినవాడెవడూ కొనడు. విదేశంలో ఉన్న వారసుడు అక్కడి భారత రాయబార కార్యాలయంలో పవరాఫ్ అటార్నీ రాసి పంపవచ్చు, అది ఇక్కడికి చేరిన 3 నెలల్లోగా స్టాంపు వేయించాలి.

ఒకరు సంతకానికి ఒప్పుకోకపోతే మిగతావాళ్లు సివిల్ కోర్టులో విభజన దావా వేయాలి. చిన్న ఇల్లు నిలువునా చీల్చడం కుదరకపోతే కోర్టు వేలం వేయించి డబ్బు పంచవచ్చు. ఇంటిని కబ్జాలో ఉంచుకున్న అన్నదమ్ముడు "12 ఏళ్లుగా నేనే ఉంటున్నా" అంటే చాలదు; తోటి వాటాదారుల హక్కును బాహాటంగా కాదన్నాడని రుజువు కావాలి.

రిజిస్ట్రేషన్ అయ్యాక మళ్లీ ఈసీ తీయండి, కొత్త దస్తావేజు అందులో కనపడాలి. ఆ తర్వాతే ఇంటి పన్ను, కరెంటు మీటరు పేర్లు మార్పించండి.