మన క్లస్టర్ మనమే కట్టుకుందాం – 5: రికవరీ సర్వర్‌ను క్లస్టర్ మీదికి ఎక్కించడం

నాలుగో పాఠం పూర్తయ్యేసరికి మీ దగ్గర రెండు లైనక్స్ సర్వర్లు (నోడ్లు) ఉన్నాయి. ఒకటి ఆగితే రెండోది పని అందుకునే ఈ జతే మన క్లస్టర్. వాటిని కలిపే కోరోసింక్, పనులు పంచే పేస్‌మేకర్, ఒకదాని డిస్కును రెండోదాంట్లో అచ్చుగుద్దినట్టు ఉంచే డీఆర్‌బీడీ కూడా ఉన్నాయి. ఫెన్సింగ్, అంటే జవాబివ్వని నోడ్‌ను రెండోది బలవంతంగా ఆపేయడం, పరీక్షించకుండా ఇక్కడిదాకా వచ్చినవాళ్లు దయచేసి వెనక్కి వెళ్లి అది చేసుకుని రండి. ఈ పాఠంలో సగం దాని మీదే నడుస్తుంది.

ఈసారి క్లస్టర్‌కు ఇచ్చే పని, చచ్చిపోయిన కంప్యూటర్లను మళ్లీ లేపడం. ఉదాహరణకు చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ అనుకుందాం. జూన్, జూలైలో తోతాపురి కాయల ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరి ఉంటాయి. వేబ్రిడ్జి దగ్గర తూకం చీటీ కొట్టే కంప్యూటర్ డిస్కు ఆ రోజుల్లోనే పోయిందంటే రైతులకు, మేనేజర్‌కు, మీకు ఒకేసారి టెన్షన్. కొత్త డిస్కు పెట్టి, ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, సెట్టింగులన్నీ గుర్తు తెచ్చుకుంటూ కూర్చోవడానికి అప్పుడు టైమ్ ఉండదు.

దీనికి మనం వాడేది రిలాక్స్ అండ్ రికవర్ అనే రికవరీ టూల్, ముద్దుగా రియర్. వేబ్రిడ్జి కంప్యూటర్ మీద 'రియర్ మేక్‌బ్యాకప్' నడిపితే రెండు వస్తువులు తయారవుతాయి. ఒకటి బూట్ అయ్యే రెస్క్యూ ఇమేజ్, రెండోది ఫైళ్లన్నీ మూటకట్టిన టార్ బ్యాకప్. డిస్కు పోయిన రోజు రెస్క్యూ ఇమేజ్‌తో బూట్ చేసి 'రియర్ రికవర్' అంటే పార్టిషన్లు, ఎల్‌వీఎం (డిస్కు స్థలాన్ని వాల్యూమ్ గ్రూపులుగా పంచే ఏర్పాటు), ఫైల్ సిస్టమ్‌లు మునుపటిలా గీసి, టార్ విప్పి, బూట్‌లోడర్ ఎక్కిస్తుంది. ఆ టార్ ఎక్కడ ఉండాలి? మన క్లస్టర్ ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద ఫోల్డర్లు పంచే పద్ధతి) ద్వారా పంచే ఫోల్డర్‌లో. రియర్ కాన్ఫిగ్‌లో బ్యాకప్ యూఆర్‌ఎల్ దగ్గర నోడ్ల సొంత ఐపీలు రాయకండి. రెండు నోడ్ల మధ్య తిరిగే ఫ్లోటింగ్ ఐపీ మాత్రమే రాయండి, ఉదాహరణకు 192.168.10.50. ఏ నోడ్ పని చేస్తోందన్నది వేబ్రిడ్జి కంప్యూటర్‌కు తెలియాల్సిన పనే లేదు.

పేస్‌మేకర్‌లో ఒక గ్రూప్ కట్టి అందులో ఈ వరుసలో పెట్టండి: ఫైల్ సిస్టమ్, ఎన్ఎఫ్ఎస్ సర్వర్, ఎక్స్‌పోర్ట్ (బయటికి పంచే ఫోల్డర్), చివర ఫ్లోటింగ్ ఐపీ. గ్రూప్ లేచేటప్పుడు ఈ వరుసలో లేస్తుంది, దిగేటప్పుడు తిరగేసి దిగుతుంది. ఐపీని మొదట పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, అది సరికాదు. ఎక్స్‌పోర్ట్ సిద్ధం కాకముందే ఐపీ లేస్తే క్లయింట్ (ఇక్కడ వేబ్రిడ్జి కంప్యూటర్) తలుపు కొట్టి ఎర్రర్ తిని వెళ్తుంది. ఐపీ చివర లేస్తే క్లయింట్ జవాబు కోసం ఎదురుచూస్తుందంతే, ఆ తర్వాత ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే కొనసాగుతుంది.

ఈ గ్రూప్‌కు, డీఆర్‌బీడీకి మధ్య రెండు నియమాలు కావాలి. డీఆర్‌బీడీ ప్రైమరీ (డిస్కు మీద రాసే హక్కున్న వైపు) అయ్యాకే గ్రూప్ మొదలవ్వాలి అన్నది వరుస నియమం. ప్రైమరీ ఏ నోడ్ మీద ఉంటే గ్రూప్ కూడా అక్కడే ఉండాలి అన్నది చోటు నియమం. మొదటిది రాసి రెండోది మరిచిపోతే, సెకండరీ నోడ్ మీద డిస్కు మౌంట్ చేయడానికి ప్రయత్నించి గ్రూప్ ఫెయిల్ అవుతుంది. ఇంకో రెండు చిన్న విషయాలు. ఎక్స్‌పోర్ట్‌కు ఇచ్చే ఎఫ్ఎస్ఐడీ (ఆ ఫోల్డర్‌ను గుర్తుపట్టే నంబర్) అంకె రెండు నోడ్ల మీదా ఒకటే ఉండాలి. ఎన్ఎఫ్ఎస్ తన లెక్కలు రాసుకునే ఫోల్డర్ కూడా డీఆర్‌బీడీ డిస్కు మీదే ఉండాలి.

ఇప్పుడు పరీక్ష. వేబ్రిడ్జి కంప్యూటర్‌లో బ్యాకప్ మొదలుపెట్టి, అది సగంలో ఉండగా పని చేస్తున్న నోడ్‌ను స్టాండ్‌బైలో పెట్టండి. గ్రూప్ కొన్ని సెకన్లలో రెండో నోడ్ మీదికి వెళ్తుంది. అయినా బ్యాకప్ కాసేపు బిగుసుకుపోయినట్టు కనిపిస్తుంది. కంగారుపడి కంట్రోల్ సీ నొక్కకండి. ఎన్ఎఫ్ఎస్ నాలుగో వెర్షన్‌లో సర్వర్ కొత్తగా లేచినప్పుడు పాత క్లయింట్లు ఫైళ్ల మీద తాము వేసుకున్న తాళాలు (లాక్‌లు) తిరిగి తీసుకోవడానికి గ్రేస్ టైమ్ ఉంటుంది, లైనక్స్‌లో అది మామూలుగా 90 సెకన్లు. అది గడిచాక రాత మళ్లీ మొదలవుతుంది. బ్యాకప్ అయ్యాక టార్ ఫైల్‌లోని పేర్లన్నీ చివరిదాకా చదివించి, తెగలేదని చూసుకోండి.

స్టాండ్‌బై అంటే నోడ్‌ను మర్యాదగా దింపడం. అసలు పరీక్ష కరెంటు ప్లగ్ పీకడం. పీకి చూడండి, చాలామందికి ఇక్కడే షాక్. రెండో నోడ్ బాగానే ఉన్నా పని అందుకోదు! ఎందుకంటే మన ఫెన్సింగ్ ఐపీఎంఐ (సర్వర్‌ను దూరం నుంచి ఆపే, లేపే ఏర్పాటు) ద్వారా నడుస్తోంది. ఆ ఐపీఎంఐ చిప్ కూడా అదే సర్వర్ కరెంటు మీద బతుకుతుంది. ప్లగ్ పీకితే రెండూ పోతాయి. 'వాడిని ఆపేశాను' అన్న జవాబు రానంతవరకూ బతికున్న నోడ్ డిస్కును ముట్టుకోదు. ముట్టుకోకపోవడమే సరైన పని, ఎందుకంటే అవతలివాడు నిజంగా చచ్చాడో, నెట్‌వర్క్ కేబుల్ ఊడి మూగబోయాడో దానికి తెలియదు. ఫెన్సింగ్‌లో రెండో మెట్టుగా, నెట్‌వర్క్ నుంచి ఆపగలిగే పవర్ స్ట్రిప్ ఒకటి పెట్టండి. అది కొనే డబ్బు లేకపోతే, నోడ్ ఆగిపోయిందని చేత్తో ధ్రువీకరించే 'పీసీఎస్ స్టోనిత్ కన్ఫర్మ్' కమాండ్ ఉంది. కానీ సర్వర్ దగ్గరికి నడిచి వెళ్లి, లైట్లు ఆరిపోయి ఉన్నాయని కళ్లారా చూశాకే అది కొట్టాలి. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో అడిగి కొట్టొద్దు.

పాఠంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు ఇది: క్లస్టర్ నోడ్‌నే రికవర్ చేయాల్సి వస్తే? ముందుగా, ఆ నోడ్ల రెస్క్యూ ఇమేజ్, బ్యాకప్ ఆ క్లస్టర్‌లోనే ఉంచడం కుదరదు. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టినట్టు అవుతుంది. నోడ్‌కు ఒక యూఎస్‌బీ డిస్కు విడిగా ఉంచండి. తర్వాత, 'రియర్ రికవర్' తన జాబితాలో ఉన్న ప్రతి డిస్కునూ కొత్తగా గీస్తుంది. రెండు నోడ్లకూ కనిపించే స్టోరేజ్ డిస్కు ఒకటి ఆ జాబితాలో దూరితే, బతికున్న నోడ్ వాడుతున్న డేటాను మీ చేతులతోనే తుడిచేస్తారు. మనది డీఆర్‌బీడీ కాబట్టి ఎవరి డిస్కు వాళ్లదే, అంత ఘోరం జరగదు. అయినా రియర్ కాన్ఫిగ్‌లో 'ఓన్లీ ఇంక్లూడ్ వీజీ' దగ్గర సిస్టమ్ వాల్యూమ్ గ్రూప్ పేరు ఒక్కటే రాయండి. నోడ్ లేవగానే క్లస్టర్ దానంతటదే మొదలవకుండా, బ్యాకప్ తీయడానికి ముందే ఆటో స్టార్ట్ ఆపేసి ఉంచండి. రికవర్ అయ్యాక డీఆర్‌బీడీ ఏ వైపు నుంచి ఏ వైపుకు సింక్ అవుతోందో చూసి, అప్పుడు చేత్తో కలపండి.

ఒక నోడ్ చిత్తూరులో, రెండోది తిరుపతి ఆఫీసులో పెడదామా అని అనిపించవచ్చు. మధ్యలో దాదాపు 70 కిలోమీటర్లు. వద్దు. డీఆర్‌బీడీ ప్రోటోకాల్ సీలో ప్రతి రాతా రెండు వైపులా చేరితేనే పూర్తయినట్టు, బ్రాడ్‌బ్యాండ్ మీద అది నత్తనడకే. పైగా లైన్ తెగినప్పుడు ఫెన్సింగ్ కూడా తెగుతుంది. రెండు నోడ్లూ ఒకే చోట ఉంచి, రాత్రిపూట ఆర్‌సింక్ అనే కాపీ టూల్‌తో ఒక కాపీ తిరుపతికి పంపండి. పాత కాపీలు కొన్ని అక్కడ ఉండాలి. ఎవరైనా పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే డీఆర్‌బీడీ ఆ డిలీట్‌ను కూడా నమ్మకంగా రెండో నోడ్‌కు చేరవేస్తుంది.

వచ్చే పాఠానికి ముందు ఒక ఖాళీ డిస్కు సంపాదించి, వేబ్రిడ్జి కంప్యూటర్‌లో దాన్ని పెట్టి పూర్తి రికవరీ చేయండి. కొత్త డిస్కు పాతదానికన్నా చిన్నదై ఉండకూడదు. బూట్ నుంచి తూకం చీటీ బయటికి వచ్చేదాకా ఎంతసేపు పట్టిందో రాసుకోండి. పెన్‌డ్రైవ్ లేకుండా నెట్‌వర్క్ నుంచే బూట్ చేయించే పీఎక్స్ఈని ఆరో పాఠంలో ఇదే గ్రూప్‌కు కలుపుతాం. కాలేజీ ల్యాబ్‌లు నడిపేవాళ్లు అప్పటికి మీ రౌటర్‌లో డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు ఐపీలు పంచే సర్వీస్) ఎవరి చేతిలో ఉందో కనుక్కుని ఉంచండి.