హెచ్‌పీవీ, పాప్ స్మియర్, బయాప్సీ రిపోర్టులు చదవడం ఎలా

‘హెచ్‌పీవీ పాజిటివ్’ అంటే గర్భాశయ ముఖద్వారంలో హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ) ఉందని, క్యాన్సర్ ఉందని కాదు. చాలామందిలో ఒకటి రెండేళ్లలో రోగనిరోధక శక్తే దాన్ని వదిలిస్తుంది. ఏళ్ల తరబడి వదలకపోతేనే చిక్కు.

ముందు వైరస్ రకం చూడండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి 16, 18 రకాలే కారణం. అందుకే ఇవి ఉంటే పాప్ స్మియర్ (ముఖద్వారం నుంచి తీసిన కణాల పరీక్ష) మామూలుగా వచ్చినా కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో పరీక్ష) చేయించమంటారు. మిగతా రకాలైతే, పాప్ స్మియర్ బాగుంటే, సాధారణంగా ఏడాదికి మళ్లీ పరీక్ష.

ఈ జాగ్రత్తకు కారణం వైరస్ తయారుచేసే రెండు ప్రొటీన్లు, ఈ6, ఈ7. డీఎన్‌ఏ దెబ్బతిన్న కణాన్ని విభజన చెందకుండా ఆపేది మన కణాల్లోని పీ53 ప్రొటీన్. ఈ6 దాన్ని నాశనం చేయిస్తుంది. విభజనకు బ్రేకు వేసే మన మరో ప్రొటీన్ ఆర్‌బీని ఈ7 పనిచేయనివ్వదు. మామూలుగా ఈ6, ఈ7లను వైరస్‌లోని ఈ2 ప్రొటీన్ అదుపులో ఉంచుతుంది. వైరస్ డీఎన్‌ఏ మన క్రోమోజోములో అతుక్కున్నప్పుడు ఆ ఈ2 జన్యువే తరచుగా తెగిపోతుంది. ఎన్నో ఇతర క్యాన్సర్లలో పీ53 జన్యువే మ్యుటేషన్‌తో చెడుతుంది. ఇక్కడ ఎక్కువగా జన్యువు బాగానే ఉంటుంది, ప్రొటీనే మిగలదు. కాపలా పోయిన కణాల్లో విభజన విభజనకూ తప్పులు పేరుకుంటాయి. పీఐకే3సీఏ అనే జన్యువులో మ్యుటేషన్ వస్తే పెరగమనే సంకేతం ఆగదు. కణాలను పట్టి ఉంచే ఈ-క్యాడ్‌హెరిన్ తగ్గితే అవి విడివడి, అడుగు పొరను దాటి, లింఫ్ గ్రంథులకు చేరగలవు. ఇదంతా జరగడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ఆ వ్యవధే మనకు దొరికిన అవకాశం.

బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టులో ‘సీఐఎన్’ అంటే క్యాన్సర్‌కు ముందు కణాల్లో వచ్చే మార్పు, పక్కనున్న 1, 2, 3 దాని తీవ్రత. ‘సీఐఎన్ 1’ ఉంటే ఎక్కువగా దానంతటదే తగ్గుతుంది, గమనిస్తే చాలు. ‘సీఐఎన్ 3’కి చికిత్స తప్పదు. ‘సీఐఎన్ 2’ దగ్గరే సందేహం. అక్కడ పీ16 అనే ప్రొటీన్ పరీక్ష తోడ్పడుతుంది. ఆర్‌బీ పనిచేయనప్పుడు పీ16 విపరీతంగా పెరుగుతుంది కాబట్టి, అది గట్టిగా పాజిటివ్ వస్తే ఈ7 పని మొదలుపెట్టిందని అర్థం.

పాప్ స్మియర్‌కు 48 గంటల ముందు నుంచి సంభోగం, యోనిలో వాడే క్రీములు, లోపల కడగడం మానాలి. బహిష్టు రోజుల్లో వద్దు. లేకపోతే కణాలు సరిగా కనబడక ‘నమూనా చాలలేదు’ అని వస్తుంది. అది నెగెటివ్ కాదు, మళ్లీ ఇవ్వాలి.

సంభోగం తర్వాత రక్తం కనిపించినా, ముట్లుడిగాక రక్తస్రావమైనా పాత నెగెటివ్ రిపోర్టును నమ్ముకుని ఆగకండి. వెంటనే స్త్రీవైద్య నిపుణులకు చూపించుకోండి.