పిల్లలతో చైనాలో చల్లటి చోట్లకి వెళ్తున్నారా, ముందు ఈ వాగు సంగతి వినండి

జూలై దగ్గర పడిందంటే ఇక్కడి మన తెలుగు వాళ్ళ వీచాట్ గ్రూపుల్లో ఒకటే మాట, షాంఘై ఉడికిపోతోంది, గ్వాంగ్‌జౌలో బయట కాలు పెట్టలేకపోతున్నాం, పిల్లలకి సెలవులే కదా ఎక్కడైనా చల్లటి చోటు చెప్పండి అని. 2025 అక్టోబరులో డైరెక్ట్ ఫ్లైట్లు మళ్ళీ మొదలయ్యాక ఇండియా నుంచి అడిగేవాళ్ళు కూడా పెరిగారు. ఇప్పుడు దాంతో పాటు ఒక వీడియో కూడా తిరుగుతోంది. చెంగ్డూ అవతల ఏదో కొండ లోయ, మోకాళ్ళ లోతు నీళ్ళు, గులకరాళ్ళ మీద టెంట్, నీళ్ళలో చల్లబడ్డానికి పెట్టిన పుచ్చకాయ, చుట్టూ ఐదారేళ్ళ పిల్లలు. టికెట్ లేదు, క్యూ లేదు, పోదామా అని అడుగుతున్నారు.

పోవద్దు. దయచేసి పోవద్దు. ఎందుకో చెప్తాను.

2022 ఆగస్టులో చెంగ్డూ ఉన్న సిచువాన్ ప్రావిన్సులో రికార్డు ఎండలు. చెంగ్డూ జనమంతా కొండల్లోకి పరిగెత్తారు. పక్కనే పెంగ్‌జౌ అని ఉంది, అక్కడి లోంగ్‌మెన్ కొండల్లో లోంగ్‌త్సావ్‌గౌ అనే వాగు. అది అసలు టూరిస్టుల కోసం తెరిచిన చోటే కాదు, ఆన్‌లైన్‌లో ఫోటోలు చూసి జనం ఎగబడ్డ చోటు, దిగొద్దని బోర్డులు పెట్టినా కంచె కట్టినా దాటుకుని మరీ దిగారు. ఆగస్టు 13 శనివారం, మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో పైనుంచి బురదనీళ్ళు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. 7 మంది చనిపోయారు. అప్పటిదాకా పిల్లలు ఆడుకుంటున్న నీళ్ళే అవి.

మన వాళ్ళకి ఇది తెలియని కథ కాదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది రాళ్ళ మీద నిలబడి ఫోటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది కొట్టుకుపోయారు. వాన వల్ల కాదు, పైన లార్జీ డ్యామ్ నుంచి నీళ్ళు వదిలారు, ఒడ్డుకి వచ్చేంత టైమ్ దొరకలేదు. ఊరు వేరు, కారణం వేరు, తప్పు మాత్రం అదే. నీళ్ళు ఇప్పుడు తక్కువగా ఉన్నాయి కదా అని నది మధ్యలోకి వెళ్ళడం.

నేను ఇక్కడ ఏటా చూస్తున్న తప్పు కూడా ఇదొక్కటే. చదువుకున్నవాళ్ళు, పిల్లలకి సీట్ బెల్ట్ లేకుండా కారు కదలనివ్వని వాళ్ళు, వాగు దగ్గరికి వచ్చేసరికి ఆకాశం వైపు చూసి "ఎండగానే ఉంది కదండీ" అంటారు. అక్కడే వస్తుంది ప్రమాదం. మీ నెత్తి మీద ఉన్న ఆకాశానికీ ఆ వాగుకీ సంబంధం లేదు. వాన పడేది పైన, మీకు కనపడని కొండ వెనక. చుట్టూ కొండల మీద పడ్డ నీళ్ళన్నీ గరాటులో పోసినట్టు ఆ ఒక్క ఇరుకు దారిలోకే దిగుతాయి, మీరు కూర్చున్న చోట ఒక్క చినుకు పడకుండానే నీళ్ళు నడుం దాకా వచ్చేస్తాయి. దానికి గంటలు పట్టదు, నిమిషాలు చాలు.

పైగా లోంగ్‌మెన్ కొండలంటే 2008 మే 12న పెద్ద భూకంపం వచ్చిన కొండలు. అప్పుడు విరిగిపడ్డ రాళ్ళూ మట్టీ చాలా లోయల్లో ఇంకా పేరుకునే ఉన్నాయి, గట్టి వాన పడితే నీళ్ళతో పాటు అవీ కదులుతాయి. మా వాడికి ఈత వచ్చు అంటే ఏం లాభం, రాళ్ళూ దుంగలూ కలిసిన బురదలో ఎవరూ ఈదలేరు.

సిచువాన్ ఒక్కటే కాదు. బీజింగ్ వాళ్ళు వీకెండ్‌కి చల్లగా ఉంటుందని వెళ్ళేది హ్వాయ్‌రో, మీయున్ కొండలకి. 2025 జూలై చివర్లో ఆ వైపు వరదలకి బీజింగ్‌లోనే 44 మంది పోయారు. ఉత్తర చైనాలో పెద్ద వానలన్నీ దాదాపు జూలై రెండో సగం, ఆగస్టు మొదటి సగంలోనే పడతాయి, సరిగ్గా పిల్లల సెలవుల మధ్యలో. తేదీలు మార్చుకునే వీలుంటే ఆగస్టు 20 తర్వాత వెళ్ళండి, కొంచెం నయం.

కాబట్టి రూల్ ఒక్కటి. కంచె దాటి వాగులోకి దిగొద్దు, టికెట్ లేని వాగులోకి దిగొద్దు, ఎండగా ఉందని దిగొద్దు.

ఇప్పటికే ఎక్కడో నీళ్ళ పక్కన ఉన్నారనుకోండి, ఇవి గమనించండి. తేటగా ఉన్న నీళ్ళు ఉన్నట్టుండి మట్టి రంగులోకి మారడం, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం, పైనుంచి లారీలు వస్తున్నట్టు మోత వినపడటం. ఇంకోటి చాలామందికి తెలియదు, నీళ్ళు ఉన్నట్టుండి తగ్గిపోయినా ప్రమాదమే, పైన ఎక్కడో రాళ్ళు అడ్డుపడి ఉండొచ్చు, అది తెగితే ఒకేసారి వస్తుంది. వీటిలో ఏ ఒక్కటి కనపడినా పిల్లాణ్ణి ఎత్తుకుని పక్కకి, పైకి ఎక్కండి. వాగు వెంబడి కిందికి పరిగెత్తొద్దు, నీళ్ళు మీకంటే వేగం. టెంట్, బ్యాగు, ఫోన్, చెప్పులు అన్నీ అక్కడే వదిలేయండి. సామాన్ల కోసం వెనక్కి వెళ్ళొద్దు.

మరి ఎక్కడికి వెళ్ళాలి అంటే చోట్లకి కొదవలేదు, ఒక్కో రకం చోటుకి ఒక్కో జాగ్రత్త అంతే.

కొండ ఊళ్ళు. షాంఘై, హాంగ్‌జౌ వైపు ఉన్నవాళ్ళకి మోగాన్‌షాన్, కొంచెం దూరమైనా పర్లేదంటే జియాంగ్షీలో లుషాన్. లుషాన్‌లో గులింగ్ అని కొండ మీదే ఊరుంది, 1100 మీటర్ల పైన, హోటళ్ళు, మార్కెట్, ఆస్పత్రి అన్నీ నడిచే దూరంలో, పిల్లలతో నాలుగు రోజులు ఉండటానికి నాకు అన్నిటికంటే నచ్చే చోటు. గ్వాంగ్‌జౌ, షెన్‌జెన్ వాళ్ళకి హైస్పీడ్ రైల్లో గ్వియాంగ్ బాగుంటుంది, జూలైలో కూడా సగటున 24 డిగ్రీల దగ్గరే. అక్కడి గుహలు చూపించండి, వాగుల కంటే అవే మేలు, లోపల చల్లగా ఉంటుంది కాబట్టి స్వెటర్ పెట్టుకోండి. బీజింగ్ వాళ్ళకి చెంగ్‌డ, 1703లో కాంగ్‌షీ చక్రవర్తి వేసవి విడిది కట్టించడం మొదలుపెట్టిన చోటు, చెరువులూ చెట్లూ ఉన్న పెద్ద తోట, పిల్లలు పరిగెత్తడానికి బోలెడు జాగా. ఇలాంటి చోట్ల రూమ్ ఎక్కడ తీసుకుంటున్నారనేదే ముఖ్యం. వాగు ఒడ్డున, కిటికీ తీస్తే నీళ్ళ చప్పుడు అని ఫోటో పెట్టిన హోమ్‌స్టేలు ఉంటాయే, అవి వద్దు. రాత్రి వరద వస్తే నిద్రలో ఉంటారు. రెండు లోయలు కలిసే మూల, ఎండిన వాగు దారికి ఎదురుగా ఉన్న ఇల్లు, ఇవి కూడా వద్దు. రోడ్డుకి పైన, గట్టు మీద ఉన్న ఇల్లు చూసుకోండి, వ్యూ లేకపోయినా పర్లేదు.

ఎత్తు ఎక్కువ ఉన్న చోట్లు. పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచన, ఒళ్ళు అలవాటు పడకపోతే జబ్బు చేస్తుంది. యునాన్‌లో కున్మింగ్ 1900 మీటర్లు, దాలీ కూడా దాదాపు అంతే, పిల్లలకి పెద్దగా ఇబ్బంది ఉండదు. లీజియాంగ్ 2400. అక్కడి నుంచి షాంగ్రిలా వెళ్తే 3300, చింగ్‌హాయ్ సరస్సు 3200. లీజియాంగ్ పక్కనే ఉన్న యూలోంగ్ మంచుకొండ కేబుల్ కార్ ఎక్కితే దిగేది 4500 మీటర్ల దగ్గర. 2024 ఆగస్టు నుంచి ఇంకో చిక్కు వచ్చింది, చెంగ్డూ నుంచి హ్వాంగ్‌లోంగ్, జ్యూజాయ్‌గౌ వైపు రైలు పడింది, 500 మీటర్ల ఎత్తులో టిఫిన్ తిని ఎక్కితే రెండు గంటల లోపే దాదాపు 3000 మీటర్ల దగ్గర దింపుతుంది. ఒకప్పుడు బస్సులో రోజంతా పట్టేది, ఒంటికి కాస్త అలవాటు పడే టైమ్ దొరికేది, ఇప్పుడు ఆ టైమ్ లేదు. అందుకే పిల్లలుంటే మొదటి రోజు హ్వాంగ్‌లోంగ్ పెట్టుకోవద్దు, అది ఇంకా పైన, 3500 మీటర్ల దాకా ఎక్కాలి. ముందు జ్యూజాయ్‌గౌ దగ్గర, కింద ఒక రాత్రి పడుకోండి, తర్వాత పైకి. మాటలు రాని పిల్లలు తలనొప్పి అని చెప్పలేరు, ఊరికే ఏడవడం, పాలు తాగకపోవడం, వాంతులు, నిద్ర పట్టకపోవడం, అంతే కనపడుతుంది. దాన్ని ప్రయాణం బడలిక అనుకోవద్దు. ఆక్సిజన్ క్యాన్ కాసేపు ఊరటనిస్తుంది, జబ్బు తగ్గించదు. తగ్గించేది కిందికి దిగడం ఒక్కటే. జలుబూ దగ్గూ ఉన్న పిల్లల్ని అసలు పైకి తీసుకెళ్ళొద్దు.

సముద్రం. చింగ్‌డావ్, దాల్యన్, బెయ్‌దాయ్‌హ. లైఫ్‌గార్డ్ ఉన్న బీచ్‌లో, తాడు కట్టిన హద్దు లోపల మాత్రమే. గాలి ట్యూబ్ వేశాం కదా అని వదిలేయొద్దు, ఒడ్డు నుంచి సముద్రం వైపు వీచే గాలికి ట్యూబ్‌తో సహా లోపలికి పోతారు. ఇద్దరు పెద్దవాళ్ళుంటే ఎవరు చూస్తున్నారో నోటితో చెప్పుకోండి, "నువ్వు చూస్తున్నావనుకున్నా" అనే మాట అక్కడ రాకూడదు. 2018 ఆగస్టులో చింగ్‌డావ్‌లో బీజింగ్ నుంచి వచ్చిన ఎనిమిదేళ్ళ కవల పిల్లలిద్దరూ మునిగిపోయారు. జెల్లీ ఫిష్ కుడితే ఇసుకతో రుద్దొద్దు, మంచినీళ్ళతో కడగొద్దు, సముద్రపు నీళ్ళతోనే కడిగి లైఫ్‌గార్డ్ దగ్గరికి తీసుకెళ్ళండి, ఊపిరి ఆడటంలో తేడా కనిపిస్తే వెంటనే అంబులెన్స్‌కి, 120కి ఫోన్ చేయండి.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తాను, ఫోన్‌లో దాచుకోండి.

వాతావరణ హెచ్చరికలు నాలుగు రంగుల్లో వస్తాయి, నీలం, పసుపు, ఆరెంజ్, ఎరుపు. వానకి రెడ్ అంటే మూడు గంటల్లో 100 మిల్లీమీటర్లు పడింది లేదా పడబోతోంది అని. పిల్లలుంటే రెడ్ దాకా ఆగొద్దు, పసుపు వస్తే ఆ రోజు కొండ ప్లాన్ లేదు. మీ ఊరి రంగు ఒక్కటే చూడొద్దు, వాగు ఎక్కడి నుంచి వస్తోందో ఆ పై జిల్లా రంగు కూడా చూడండి.

ఊరి వాళ్ళో సెక్యూరిటీ వాళ్ళో వచ్చి చేతులూపుతూ అరుస్తుంటే భాష అర్థం కాలేదని నిలబడొద్దు. ముందు పైకి రండి, అర్థం తర్వాత అడగొచ్చు.

బోటింగ్‌కి లైఫ్ జాకెట్ పిల్లల సైజుది ఉంటేనే. పెద్దది కట్టి సర్దొద్దు, నీళ్ళలో పడితే జాకెట్ పైకి, పిల్లాడు కిందికి పోతాడు. గాలి మొదలైతే ఎక్కొద్దు. 2025 మే 4న గ్వీజౌలో చియాన్‌షీ దగ్గర ఉన్నట్టుండి వచ్చిన గాలివానకి 4 పడవలు తిరగబడ్డాయి, 84 మంది నీళ్ళలో పడ్డారు, 10 మంది చనిపోయారు.

రాఫ్టింగ్‌కి ఎత్తు రూల్ ఉంటే ఉన్నట్టే. మా వాడు ఒక్క సెంటీమీటరే తక్కువ అని బతిమాలొద్దు.

తడిసిన బట్టలు వెంటనే మార్చండి. కొండ మీద తడి, గాలి కలిస్తే ఎండాకాలంలో కూడా ఒళ్ళు చల్లబడిపోతుంది. 2021 మే 22న గాన్సులో పరుగు పందెంలో ఉన్నట్టుండి వచ్చిన చలిగాలికీ వానకీ 21 మంది చనిపోయారు, అందరూ పెద్దవాళ్ళే, పరుగు అలవాటున్నవాళ్ళే. ఒక జత పొడి బట్టలు మీ వీపు బ్యాగులోనే ఉండాలి, హోటల్లో కాదు.

యునాన్‌లో వానాకాలం పుట్టగొడుగుల హాట్‌పాట్, అంటే టేబుల్ మీదే ఉడికించుకుని తినేది, పిల్లలకి వద్దు. అక్కడ హోటల్ వాళ్ళే టైమర్ పెట్టి అది మోగేదాకా చాప్‌స్టిక్స్ ఇవ్వరు, సరిగ్గా ఉడక్కపోతే విషం కాబట్టి.

సిచువాన్‌లో ఎమెయ్‌షాన్ కొండ మీద కోతుల దగ్గర పిల్లల చేతిలో తిండి, ప్లాస్టిక్ కవరు ఉండకూడదు.

ఈశాన్యం అడవుల్లో, గడ్డిమైదానాల్లో తిరిగితే రాత్రి పిల్లల చెవుల వెనక, చంకల్లో, తలలో పిడుదులు ఉన్నాయేమో చూడండి. ఉంటే పట్టకారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగండి, కాల్చొద్దు, తర్వాత జ్వరం వస్తే డాక్టరుకి ఈ సంగతి చెప్పండి.

వాన రాత్రి కొండ రోడ్డు మీద కారు ప్రయాణం వద్దు. ట్రైన్ మిస్సయినా వద్దు.

110 పోలీస్, 119 ఫైర్ వాళ్ళు, కొండల్లో నీళ్ళలో కాపాడేది కూడా వాళ్ళే, 120 అంబులెన్స్. పిల్లాడి జేబులో మీ నంబరు, హోటల్ పేరు చైనీస్‌లో రాసిన కాగితం పెట్టండి.

ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి ఉంటే వాళ్ళకి ఈ వాగు సంగతి తెలుగులో మీరే చెప్పండి. మనం ఫోటోలకి పైకి వెళ్తాం, పిల్లలు తాతతో నీళ్ళ దగ్గర ఉంటారు, చిన్నప్పుడు ఊరి ఏట్లో ఈదినవాళ్ళు కదా, మోకాళ్ళ లోతు నీళ్ళు చూసి భయపడరు.

పక్కన పది కుటుంబాలు దిగాయని దిగొద్దు. లోంగ్‌త్సావ్‌గౌలో కూడా అందరూ అందరినీ చూసే దిగారు.

పాదాలు తడుపుకోవడానికే అని దిగొద్దు. ఒక్క ఫోటోకే అని దిగొద్దు. పిల్లాడు ఏడుస్తున్నాడని దిగొద్దు, ఏడవనివ్వండి, హోటల్‌కి వచ్చాక బాత్‌టబ్ నింపి ఇవ్వండి.

ఇంకా బయల్దేరలేదు కదా, ఇప్పుడే మీ బుకింగ్ తెరిచి మ్యాప్‌లో చూడండి. హోమ్‌స్టే పక్కనే నీలం గీత కనపడితే ఫోన్ చేసి వాగుకి ఎంత ఎత్తులో ఉందో అడగండి. సరైన జవాబు రాకపోతే ఈరోజే క్యాన్సిల్ చేయండి, అడ్వాన్స్ పోయినా సరే.