లోడ్ అంటే ఏ లోడ్? అడిగి తేల్చుకునే తీరు

దేవరకొండలో బోరు మెకానిక్ అనే లోడ్ వేరు, మిర్యాలగూడ మిల్లు దగ్గర హమాలీ అనే లోడ్ వేరు. మాట వినగానే "ఎంత? దేంట్ల?" అని అడగండి. ఆంపియర్లా, కిలోవాట్లా, టన్నులా, ఘనపుటడుగులా తేలాకే పైసలు ఇవ్వండి.

ఎక్కువ నష్టం బోరు దగ్గరే. "మోటర్ లోడ్ గుంజుతుంది" అంటే ఆంపియర్ల లెక్క. 5 హెచ్‌పీ త్రీఫేజ్ (మూడు కరెంటు వైర్ల) మోటారు ఒక్కో ఫేజుకు సుమారు 7 నుంచి 9 ఆంపియర్లు తీసుకుంటుంది. మీ మోటారుకు ఎంతన్నది నేమ్‌ప్లేట్ మీద ఉంటుంది. టాంగ్ టెస్టర్‌ను (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు) ఒక్కో వైరుకు విడిగా తగిలించి చూడాలి. మూడు వైర్లూ కలిపి పడితే సున్నా చూపిస్తుంది.

మూడు ఫేజుల్లోనూ ప్లేటు కన్నా ఎక్కువ వస్తే వోల్టేజీ పడిపోయినట్టు, లేదా పంపులో ఇసుక చేరినట్టు. ఒకటి సున్నా అయి మిగతా రెండూ పెరిగితే ఫేజు పోయినట్టే, వెంటనే ఆపాలి. మూడూ తగ్గితే లోడ్ తక్కువుందని సంతోషపడొద్దు. బోరులో నీళ్లు అయిపోయి ఉంటాయి, చల్లబరిచే నీరు లేక వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్ట) కాలుతుంది. స్టార్టర్ ఊకె పడిపోతుందని రిలే (ఆంపియర్లు ఎక్కువైతే మోటారును ఆపేది) ముల్లును పైకి తిప్పడం మాత్రం అసలు చేయొద్దు. మోటారును కాపాడేది ఆ రిలేనే.

"ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడ్ పడ్డది" అంటే ఊరందరి ఆంపియర్లూ కలిపి. 25 కేవీఏ (ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యపు కొలత) ట్రాన్స్‌ఫార్మర్ ఫేజుకు దాదాపు 33 ఆంపియర్లు ఇస్తుంది. 8 ఆంపియర్ల మోటార్లు నాలుగు నడిస్తే 32, అయిదోదానికి చోటు లేదు. పైగా ఆటోస్టార్టర్లు ఉంటే కరెంటు రాగానే అన్నీ ఒక్కసారే లేస్తాయి. లేచేటప్పుడు మోటారు అయిదారు రెట్లు గుంజుతుంది కాబట్టి ఫ్యూజులు ఎగిరిపోతాయి. ఆటోస్టార్టర్ తీసేసి, 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ (కెపాసిటర్ సైజు కొలత) కెపాసిటర్, అంటే లైను మీద ఆంపియర్ల భారం తగ్గించేది, పెట్టుకోవడం అందరికీ మేలు.

కరెంటు ఆఫీసులో లోడ్ అంటే కిలోవాట్లు. 1 హెచ్‌పీ 0.746 కిలోవాట్లు, అంటే 5 హెచ్‌పీకి 3.73. ఇంట్లో ఏసీ, గీజర్ కొత్తగా పెడితే వాటి వాట్లు కూడి "అడిషనల్ లోడ్" కావాలని దరఖాస్తు రాయాలి. "ఓవర్‌లోడ్" అని రాస్తే అది ఫిర్యాదు అవుతుంది.

ఫోనులో "లోడ్ అయితలేదు" అంటే పేజీ తెరుచుకోవడం లేదని, అంతే.

"ఒక లోడ్ ఇసుక"కు కచ్చితమైన కొలత లేదు. ట్రాలీ పొడవు, వెడల్పు, ఇసుక ఎత్తు అడుగుల్లో కొలిచి గుణించండి. 10, 6, ఒకటిన్నర అయితే 90 ఘనపుటడుగులు. కొంచెం తడిసిన ఇసుక ఉబ్బి పావు వంతు దాకా ఎక్కువ కనబడుతుంది, అందుకే పొడి ఇసుకతో పోలిస్తే తక్కువ వచ్చినట్టే.

వడ్ల లోడ్ మాత్రం తూకమే. నిండు బండి బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేయాలి. రెండు చీటీలూ ఒకే కాంటావి, ఒకే బండి నంబరువి అయి ఉండాలి.